అవాహకంలో చిటికెడు క్రోమియం: బెంగళూరు ల్యాబ్‌కు కొత్తగా వచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా వర్షాలు మొదలయ్యే వేళకు యశ్వంతపూర్ స్టేషన్‌లో సూట్‌కేసుతో దిగుతారు. మత్తికెరెలో పీజీ వెతుక్కుంటారు. ఆంధ్రా మెస్‌లో పప్పు, ఆవకాయ కలుపుకుంటూ "అక్కా, మీ ల్యాబ్‌లో అసలు ఏం చేస్తారు?" అని మొదలుపెడతారు. ఐదేళ్లుగా అవే ప్రశ్నలకు అవే జవాబులు చెబుతున్నాను కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను. ఇందులో ఎక్కువ భాగం జూనియర్లవి, ఒకటి మా అమ్మది, రెండు మూడు నాకు నేను వేసుకున్నవి.

ఒక్క ముక్కలో చెప్పక్కా, మీరు చేసేదేంటి?

కరెంటు పారని స్ఫటికంలో కొన్ని పరమాణువులు తీసేసి, వాటి చోట వేరే మూలకం పరమాణువులు పెడతాం. దీన్నే డోపింగ్ అంటాం. ఆ తర్వాత ఆ స్ఫటికం అయస్కాంత స్వభావం ఎలా మారిందో కొలుస్తాం.

పాలల్లో తోడు వేసినట్టు చిటికెడు కలిపితే మొత్తం మారిపోతుందని అందరూ అనుకుంటారు. కొన్నిసార్లు నిజంగా అలాగే జరుగుతుంది. చాలాసార్లు మాత్రం మనం వేసింది అన్నంలో రాయిలా ఒక మూల విడిగా కూర్చుంటుంది, పంటి కింద పడేదాకా తెలియదు. నా పీహెచ్‌డీలో సగం కాలం "ఇది తోడా, రాయా?" అని తేల్చుకోవడానికే పోయింది.

కరెంటే పారనిది అయస్కాంతం ఎలా అవుతుందే? (మా అమ్మ)

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద వెంకటేశ్వరస్వామి బొమ్మ ఒకటుంది. దాని వెనక ఉన్న నల్లటి మెత్తని ముక్క బేరియం లేదా స్ట్రాన్షియం ఫెర్రైట్ పొడిని రబ్బరులాంటి పదార్థంలో కలిపి చేసింది. ఫెర్రైట్ ఇనుము ఆక్సైడ్ జాతిది, లోహం కాదు, కరెంటును దాదాపు పారనివ్వదు. అయినా తలుపును వదలదు. అంటే అవాహకమైన అయస్కాంతం పాతికేళ్లుగా మా వంటింట్లోనే ఉంది.

అయస్కాంతత్వానికి ఎలక్ట్రాన్లు పరుగెత్తాల్సిన పని లేదు. ఒక్కో పరమాణువు మీద జత కుదరని ఎలక్ట్రాన్ ఉంటే దాని స్పిన్ ఒక చిన్న అయస్కాంతం. పక్కపక్కన ఉన్న స్పిన్‌లు మధ్యలోని ఆక్సిజన్ ద్వారా ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి. అన్నీ ఒకే దిక్కు చూస్తే ఫెర్రో అయస్కాంతం. ఒకటి పైకి, పక్కది కిందికి చూస్తే ప్రతి-ఫెర్రో. అందులో బయటికి ఏమీ కనిపించదు కానీ లోపల క్రమశిక్షణ పక్కాగా ఉంటుంది. ఫెర్రైట్‌లో రెండు వైపులా ఉన్నవాళ్ల సంఖ్య సమానం కాదు, ఆ మిగులే ఫ్రిజ్‌కు అతుక్కుంటుంది.

"మరి నువ్వు చేసింది అతుక్కుంటుందా?" అని తర్వాతి ప్రశ్న. అతుక్కోదమ్మా. నాది పదిహేను కెల్విన్ (అంటే సున్నా సెల్సియస్‌కు 258 డిగ్రీలు కింద) దాటితే మామూలు రాయి.

క్వాంటమ్ పదార్థం అంటే?

ఏ పదార్థమైనా క్వాంటమ్ సూత్రాల మీదే నడుస్తుంది, ఇడ్లీ కూడా. ఎలక్ట్రాన్లను విడివిడిగా లెక్కేస్తే అర్థం కాక, అవన్నీ కలిసి చేసే పనిగానో వాటి తరంగాల అల్లికగానో చూస్తే తప్ప కొరుకుడు పడనివాటికి ఈ పేరు పెట్టుకున్నారు. గ్రాంట్ దరఖాస్తుల్లో బాగా పనికొచ్చే పేరు కూడా.

అవాహకాలన్నీ ఒకటే కాదా?

కాదు, ఈ తేడా పట్టుకోకపోతే మిగతాదేదీ పట్టుబడదు. వజ్రంలో ఎలక్ట్రాన్లకు ఖాళీ సీట్లు లేవు, అందుకే అది అవాహకం. ఇది మామూలు రకం.

నికెల్ ఆక్సైడ్‌లో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. లెక్క ప్రకారం అది లోహం కావాలి, కానీ పక్కా అవాహకం. ఈ పేచీ 1937లోనే బయటపడింది. ఒకే పరమాణువు మీద ఇద్దరు ఎలక్ట్రాన్లు కూర్చోవాలంటే వాటి మధ్య వికర్షణ ఎక్కువ కాబట్టి ఎవరి చోట వాళ్లు ఇరుక్కుపోతారని నెవిల్ మాట్ చెప్పారు. ఇవి మాట్ అవాహకాలు. ఇరుక్కున్న ఎలక్ట్రాన్‌కు స్పిన్ ఉంటుంది కాబట్టి ఇవి సాధారణంగా ప్రతి-ఫెర్రో అయస్కాంతాలు. నికెల్ ఆక్సైడ్ స్వచ్ఛంగా ఉంటే లేత ఆకుపచ్చ పొడి. కొంచెం లిథియం వేసి కాలిస్తే నల్లబడి కరెంటు పారనిస్తుంది. డోపింగ్ కంటికి కనిపించే చోటు ఇది. జూనియర్లకు మొదటి వారం ఇదే చేయిస్తాను.

మూడోది టోపలాజికల్ రకం: లోపల అవాహకం, ఉపరితలం మాత్రం వద్దన్నా కరెంటు పారనిస్తుంది. బిస్మత్ సెలెనైడ్, బిస్మత్ టెల్యురైడ్ ఇందులోవి. కాగితం మీద బిస్మత్ సెలెనైడ్ శక్తి అంతరం, అంటే కరెంటు పారాలంటే ఎలక్ట్రాన్ దాటాల్సిన గట్టు, 0.3 ఎలక్ట్రాన్ వోల్టులు. పెంచిన స్ఫటికంలో సెలీనియం కొంత ఎగిరిపోయి ఖాళీలు మిగులుతాయి, వాటి ఎలక్ట్రాన్లతో లోపలంతా కరెంటు పారుతుంది. పేరుకే అవాహకం. దాన్ని నిజంగా అవాహకం చెయ్యడానికి కాల్షియమో, యాంటిమనీయో వేసి సరిచేయడంలోనే కొందరి పీహెచ్‌డీలు గడిచిపోతాయి.

2 శాతం స్ట్రాన్షియంతో పోయే అయస్కాంత క్రమం, 30 శాతం జింకు వేసినా ఎందుకు పోదు?

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న, కాస్త నిదానంగా చెబుతాను.

లాంథనమ్ కాపర్ ఆక్సైడ్ అనే మాట్ అవాహకం ఉంది. రాగి పరమాణువులు చదరంగం గళ్లలా పొరలు పొరలుగా అమరి ఉంటాయి, ఒక్కో రాగి మీద ఒక స్పిన్. దాదాపు 325 కెల్విన్ దగ్గర, అంటే మనకు జ్వరంకన్నా ఎక్కువ వేడి దగ్గర, ఆ స్పిన్‌లు ఒకటి పైకి ఒకటి కిందికి సర్దుకుంటాయి. దీన్ని నీల్ ఉష్ణోగ్రత అంటాం.

ఇప్పుడు కోలాటం ఊహించుకోండి. ప్రతి మనిషీ చుట్టూ ఉన్న నలుగురితో వంతులవారీగా కోలలు తగిలిస్తున్నాడు. రాగి చోట జింకు పెట్టడమంటే ఒక ఆటగాణ్ణి ఇంటికి పంపేయడం. జింకుకు స్పిన్ లేదు. ఆ చోట కోల తగలదు, మిగతా ముగ్గురితో ఆట సాగుతుంది. ఇంకొకణ్ణి పంపండి, ఇంకొకణ్ణి పంపండి. నేల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఆటగాళ్ల గొలుసు తెగనంతవరకు తాళం బతికే ఉంటుంది. చదరపు గళ్లలో ఆ గొలుసు తెగేది సుమారు 41 శాతం ఖాళీల దగ్గర. జింకు, మెగ్నీషియం కలిపి వేసిన స్ఫటికాల మీద 2002లో వచ్చిన కొలతల్లో అయస్కాంత క్రమం దాదాపు అక్కడిదాకా నిలబడింది.

స్ట్రాన్షియం సంగతి వేరు. అది రాగి చోట కూర్చోదు, లాంథనమ్ చోట కూర్చుంటుంది. ఆటగాళ్లందరూ ఉన్నారు. కానీ లాంథనమ్ మూడు ఎలక్ట్రాన్లు ఇచ్చే చోట స్ట్రాన్షియం రెండే ఇస్తుంది, ఆ లోటు ఒక 'హోల్' రూపంలో రాగి-ఆక్సిజన్ పొరలోకి వస్తుంది. అది ఒక చోట ఉండదు. కోలాటం మధ్యలో ఒక పిల్లవాడు అటూ ఇటూ పరుగెడుతున్నట్టు, వెళ్లిన ప్రతిచోటా తాళం తప్పిస్తుంది. నూటికి ఇద్దరు పిల్లలు చాలు, ఆట మొత్తం ఆగిపోతుంది.

కాబట్టి "ఎంత శాతం వేశారు?" అన్నది రెండో ప్రశ్న. ఎవరి సీట్లో కూర్చోబెట్టారు, అది ఎలక్ట్రాన్ల లెక్క మార్చిందా అన్నది మొదటిది.

ఆ 2 శాతం తర్వాత ఏమవుతుంది?

కొంతదూరం స్పిన్ గ్లాస్: స్పిన్‌లు ఏ క్రమమూ లేకుండా, ఎవరు ఎటు చూస్తున్నారో అటే గడ్డకడతాయి. 5, 6 శాతం దాటాక సూపర్‌కండక్టర్, అంటే నిరోధమే లేకుండా కరెంటు పారనిచ్చేది. 15 శాతం దగ్గర అది దాదాపు 38 కెల్విన్ వరకు నిలుస్తుంది. బెడ్నోర్జ్, ముల్లర్ 1986లో ఇదే కుటుంబంలోని బేరియం పదార్థంతో తలుపు తీశారు, మరుసటి ఏడాదే నోబెల్. ఆ ఊపులో ఇక్కడ బెంగళూరు ఐఐఎస్‌సీలో సి.ఎన్.ఆర్. రావు గారి బృందం కూడా పనిచేసింది. ఆయన తర్వాత చాలాకాలం మాంగనైట్ల మీద, అంటే మాంగనీసు ఉన్న ఆక్సైడ్ల మీద, పనిచేశారు. వాటిలో కథ ఇంకో మలుపు తిరుగుతుంది: లాంథనమ్ మాంగనైట్ 140 కెల్విన్ దగ్గర ప్రతి-ఫెర్రో అయ్యే అవాహకం, 30 శాతం స్ట్రాన్షియం వేస్తే దాదాపు 370 కెల్విన్ దాకా ఫెర్రో అయస్కాంతమైన లోహం. అక్కడ పరుగెత్తే పిల్లవాడు తాళం తప్పించడు, అందరినీ ఒకే దిక్కుకు తిప్పుతాడు. మాంగనీసు మీద స్పిన్‌లు ఒకే దిక్కు చూస్తేనే ఎలక్ట్రాన్ ఒక పరమాణువు నుంచి మరొకదానికి సులువుగా గెంతగలదు. 1951లో జెనర్ చెప్పిన డబుల్ ఎక్స్ఛేంజ్ ఇదే.

టోపలాజికల్ అవాహకంలో క్రోమియం ఎందుకు వేస్తారు?

ఉపరితలం మీద కరెంటును ఆపడానికి. ఆపితే అంచుల్లో ఒకే దిక్కున, నష్టం లేకుండా పారే దారి తెరుచుకుంటుంది. మామూలుగా ఇలాంటి అంచు దారికి (దీన్నే క్వాంటమ్ హాల్ ప్రభావం అంటాం) బయటి నుంచి బలమైన అయస్కాంత క్షేత్రం కావాలి. ఇక్కడ పదార్థమే తన క్షేత్రం తెచ్చుకుంటుంది. 2013లో చైనాలో ష్యూ చీకున్ గారి బృందం క్రోమియం వేసిన బిస్మత్-యాంటిమనీ టెల్యురైడ్ పలుచని పొరలో దీన్ని చూపించింది. హాల్ నిరోధం, అంటే కరెంటుకు అడ్డంగా కొలిచే నిరోధం, 25,812.8 ఓమ్‌ల దగ్గర గీత గీసినట్టు నిలబడింది.

క్రోమియమే ఎందుకంటే, బిస్మత్‌లాగే అదీ మూడు ఎలక్ట్రాన్లే ఇస్తుంది, కాబట్టి లెక్క చెడదు. మాంగనీసు సాధారణంగా రెండే ఇస్తుంది, హోల్స్ మోసుకొస్తుంది.

చిక్కేంటంటే ఆ పొర 15 కెల్విన్ దగ్గరే ఫెర్రో అయస్కాంతం అయింది, కానీ అసలు ప్రభావం పూర్తిగా కనిపించింది 0.03 కెల్విన్ దగ్గర. ఐదు వందల రెట్లు తేడా! క్రోమియం సమంగా పంచబడకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. రిజర్వేషన్ లేని ఆర్టీసీ బస్సులో లాగా ఒకచోట నలుగురు ఇరుక్కుంటారు, ఇంకోచోట సీటు ఖాళీ. అందుకే తర్వాత కొందరు డోపింగ్ వదిలేసి, మాంగనీసుకు ప్రత్యేకంగా ఒక పొరే రిజర్వ్ చేసిన మాంగనీస్ బిస్మత్ టెల్యురైడ్ వైపు వెళ్లారు. అది 25 కెల్విన్ దగ్గర ప్రతి-ఫెర్రో. దాని ఐదు పొరల ముక్కలో 2020లో, బయటి క్షేత్రం లేకుండా 1.4 కెల్విన్ దగ్గర అదే ప్రభావం చూపించారు.

ఇంత చిన్న అయస్కాంతత్వాన్ని ఎలా కొలుస్తారు?

స్క్విడ్ మాగ్నెటోమీటర్‌తో. నమూనాను స్ట్రాలో పెట్టి, సూపర్‌కండక్టింగ్ తీగచుట్టల మధ్య పైకీ కిందికీ జరుపుతుంది. మా యంత్రం 1.8 నుంచి 400 కెల్విన్ వరకు, 7 టెస్లా క్షేత్రం వరకు వెళ్తుంది. సంకేతం ఈఎంయూల్లో వస్తుంది, అది అయస్కాంత బలానికి కొలమానం. (ఒకప్పుడు మనవాళ్లు పెంచి నష్టపోయిన ఈము పక్షితో దీనికి సంబంధం లేదు. ప్రతి బ్యాచ్‌లోనూ ఈ జోకు ఎవరో ఒకరు వేస్తారు, నేనే ముందు వేసేశాను.) పది కోట్లలో ఒక వంతు ఈఎంయూ కూడా పట్టుకోగలదు. అదే దాని గొప్ప, అదే దానితో వచ్చిన తంటా.

గది ఉష్ణోగ్రతలోనే లూప్ వచ్చింది! పేపర్ రాసేద్దామా?

కూర్చోండి. మంచినీళ్లు తాగండి. లూప్ అంటే క్షేత్రాన్ని పెంచి తగ్గించినప్పుడు గ్రాఫ్ గీసే వలయం, ఫెర్రో అయస్కాంతానికి గుర్తు. నిజమో కాదో లెక్క వేద్దాం.

మీ పొర 5 మిల్లీమీటర్ల చదరం, మందం 10 నానోమీటర్లు, బిస్మత్ చోట 10 శాతం క్రోమియం అనుకుందాం. అందులో సుమారు 3 వందల లక్షల కోట్ల క్రోమియం పరమాణువులు ఉంటాయి. ఒక్కోటి మూడు బోర్ మాగ్నెటాన్లు (పరమాణువు అయస్కాంత బలానికి కొలమానం) ఇస్తే మొత్తం సంకేతం 0.000008 ఈఎంయూ. దాని కింద ఉన్న అర మిల్లీమీటరు నీలం రాయి, అదే సఫైర్, డయా అయస్కాంతం. 1 టెస్లా క్షేత్రంలో దాని సంకేతం వ్యతిరేక దిక్కున 0.00018 ఈఎంయూ, మీ పొరకు ఇరవై రెట్లకు పైనే. అంటే మీరు చూస్తున్న గ్రాఫ్‌లో పొర కన్నా పీట ఎక్కువ. దాన్ని తీసేశాక మిగిలిందే మీది.

ఇప్పుడు ఇనుము. ఒక గ్రాము ఇనుము పూర్తిగా అయస్కాంతమైతే దాదాపు 218 ఈఎంయూ. కాబట్టి మీ పొర మొత్తం సంకేతానికి సమానమైన అబద్ధం చెప్పడానికి 38 నానోగ్రాముల ఇనుము చాలు. ఆ ఇనుప నలుసు పక్క పొడవు 17 మైక్రాన్లు, తలవెంట్రుక మందంలో నాలుగో వంతు. స్టీలు ట్వీజర్‌తో పొర అంచును ఒకసారి గీకితే అంతకన్నా ఎక్కువే అంటుకుంటుంది.

ఇది నా చాదస్తం కాదు. 2004లో హాఫ్నియమ్ ఆక్సైడ్ పలుచని పొరల్లో ఫెర్రో అయస్కాంతత్వం ఉందని నేచర్ పత్రికలో వచ్చింది. జత కుదరని ఎలక్ట్రాన్లే లేని పదార్థంలో అయస్కాంతమా అని అందరూ ఉలిక్కిపడ్డారు. మరుసటి ఏడాది ఇంకో బృందం స్వచ్ఛమైన పొరల్లో ఏమీ లేదని, స్టెయిన్‌లెస్ స్టీల్ ట్వీజర్లతో పట్టుకుంటే అలాంటి సంకేతమే వస్తోందని చూపింది.

నేను పాటించే పద్ధతి: లూప్ తీసుకున్నాక, డోపింగ్ చెయ్యని పొరను అదే చేత్తో, అదే ట్వీజర్‌తో, అదే స్ట్రాలో పెట్టి కొలవండి. రెండింట్లోనూ లూప్ ఉంటే మీరు ట్వీజర్‌ను కొలిచారు.

43 కెల్విన్ దగ్గర చిన్న గూను వచ్చింది. ఏంటది?

ఇద్దరు అనుమానితులు. మొదటివాడు ఆక్సిజన్. ఆక్సిజన్ అణువే అయస్కాంత స్వభావం కలది, గడ్డకట్టాక దాదాపు 44 కెల్విన్ దగ్గర దాని రూపం మారుతుంది. నమూనా గదిలోకి గాలి చేరితే అక్కడే గూను. వేడిచేసి, హీలియంతో మూడుసార్లు కడిగి మళ్లీ కొలిస్తే పోతుంది.

నా రెండో ఏడాదిలో మాంగనైట్ నమూనాకు ఈ గూను వచ్చింది. కడిగాను. పోలేదు. మళ్లీ కడిగాను. సీల్ మార్చాను. రాత్రి పదకొండింటికి హాస్టల్ దారిలో చినుకుల్లో నడుస్తూ అప్పుడు తట్టింది: వాన. నేను వాడిన లాంథనమ్ ఆక్సైడ్ డబ్బా మూత జూలై అంతా సరిగ్గా లేదు. ఆ ఆక్సైడ్ గాలిలో తేమ పీల్చి హైడ్రాక్సైడ్ అయిపోతుంది. అప్పుడు 10 గ్రాములు తూచితే అందులో అసలు ఆక్సైడ్ 8.6 గ్రాములే. లాంథనమ్ తక్కువైతే మాంగనీసు మిగులుతుంది, మిగిలిన మాంగనీసు మాంగనీస్ ఆక్సైడ్‌గా విడిగా కూర్చుంటుంది. అందులో ఒక రకం దాదాపు 43 కెల్విన్ దగ్గర ఫెర్రి అయస్కాంతం, అంటే ఫ్రిజ్ ముక్కలోని ఫెర్రైట్ లాంటిదే. అతనే రెండో అనుమానితుడు. అన్నంలో రాయి. మూడు వారాల కొలతలు చెత్తబుట్టలో.

అప్పటినుంచి లాంథనమ్ ఆక్సైడ్‌ను రాత్రంతా 900 డిగ్రీల పైన కాల్చి, వేడి తగ్గీ తగ్గగానే తూస్తాను. 120 కెల్విన్ దగ్గర మెలిక కనిపిస్తే మాత్రం మాగ్నెటైట్ అనే ఇనుము ఆక్సైడ్‌ను అనుమానించండి.

ఎక్స్-రే గ్రాఫ్ శుభ్రంగా ఉంది. ఇంకా అనుమానమేంటి?

మామూలు ల్యాబ్ ఎక్స్-రేకి ఒకటి రెండు శాతం కన్నా తక్కువున్న రెండో పదార్థం కనిపించకపోవచ్చు. మీరు వేసిన డోపింగే ఐదు శాతం. అందులో ఐదో వంతు విడిపోయినా దానికి తెలియదు, స్క్విడ్‌కు తెలుస్తుంది. శిఖరాలు కొత్తగా వచ్చాయా అన్నదాని కన్నా పాత శిఖరాలు జరిగాయా చూడండి. క్రోమియం అయాన్ వ్యాసార్థం 0.615 ఆంగ్‌స్ట్రామ్, బిస్మత్‌ది 1.03. క్రోమియం నిజంగా ఆ సీట్లో కూర్చుంటే స్ఫటికం కాస్త కుదించుకోవాలి. శాతం పెంచినా ఏమీ కదలకపోతే అది బయటే నిలబడి ఉంది.

క్యూరీ-వైస్ గీత గీశాను. ఏం చదవాలి?

ఈ గీత అయస్కాంత స్పందన విలోమం ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందో చూపేది. అందులో చదవాల్సింది రెండు సంఖ్యలు. వాలు నుంచి ఒక్కో అయాన్ అయస్కాంత బలం వస్తుంది: మూడు ఎలక్ట్రాన్లు ఇచ్చిన క్రోమియానికి 3.87 బోర్ మాగ్నెటాన్లు, రెండు ఇచ్చిన మాంగనీసుకు 5.92 రావాలి. మీకు 2.5 వస్తే భౌతికశాస్త్రం మారిపోలేదు, మీరు అనుకున్నంత క్రోమియం లోపలికి వెళ్లలేదు. గీత అడ్డం అక్షాన్ని తాకే చోటు నుంచి స్పిన్‌ల మధ్య సంబంధం తెలుస్తుంది: ధనాత్మకమైతే ఫెర్రో, ఋణాత్మకమైతే ప్రతి-ఫెర్రో. డయా అయస్కాంత భాగాన్ని తీసెయ్యకుండా గీత గీసేవాళ్లను ఏటా చూస్తున్నాను, గీత వంగుతుంది, దాన్ని 'కొత్త ప్రవర్తన' అంటారు.

దీనివల్ల ఉపయోగం? ఉద్యోగం?

అంచుల్లో నష్టం లేని కరెంటు గది ఉష్ణోగ్రతకు వస్తే చాలా ఉపయోగం. ఇప్పుడు రాలేదు. నిరోధానికి ప్రామాణిక కొలతగా వాడే దిశలో పని జరుగుతోంది, అది నిజమైన ఆశ. ఉద్యోగం మాటకొస్తే, వాక్యూమ్, క్రయోజెనిక్స్, పలుచని పొరలు తెలిసినవాళ్లు ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు. మీ నాన్నగారికి "సెమీకండక్టర్ లైన్" అని చెప్పండి, అబద్ధం కాదు.

బెంగళూరా, చెన్నైయా?

రెండూ మంచివే. ఇక్కడ ఐఐఎస్‌సీ, జక్కూరులో జేఎన్‌సీఏఎస్ఆర్ (జవహర్‌లాల్ నెహ్రూ పేరిట ఉన్న పరిశోధన కేంద్రం). అక్కడ ఐఐటీ మద్రాసు, కల్పాక్కంలో ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం. క్రోమియం బదులు వనేడియం వేసి 2015లో అదే అంచు కరెంటు ప్రభావాన్ని ఇంకా శుభ్రంగా చూపిన ఎంఐటీ బృందాన్ని నడిపిన జగదీశ్ మూడెర గారు ఐఐటీ మద్రాసులోనే పీహెచ్‌డీ చేశారు. ఊరు చూసి కాదు, ద్రవ హీలియం ఏడాదంతా ఉండే ల్యాబ్ చూసి ఎంచుకోండి. లాంథనమ్ ఆక్సైడ్‌కు మాత్రం చెన్నై డిసెంబర్ కూడా బెంగళూరు జూలై లాంటిదే.

ప్లాస్టిక్ ట్వీజర్లు ఎక్కడ దొరుకుతాయి?

ఎస్పీ రోడ్‌లో ఎలక్ట్రానిక్స్ రిపేరు సామాను అమ్మే కొట్లలో అడగండి. సిరామిక్ కొనలవి ఇంకా మేలు, ధర కొంచెం ఎక్కువ. మూడు జతలు తెచ్చుకోండి. ఒకదానిమీద మీ పేరు, ఇంకోదానిమీద 'స్క్విడ్ మాత్రమే' అని రాసి డ్రాయర్‌లో తాళం వేసుకోండి. మూడోది బల్ల మీద వదిలెయ్యండి, అది ఎలాగూ రెండో రోజుకు మాయమవుతుంది.